పత్రికాధిపతి నాయకుడైతే: జీవితచరిత్రా, పాత పేపర్లా, అఫిడవిట్టా?

పత్రిక నడిపి రాజకీయాల్లోకి వచ్చినాయన జీవితం తెలుసుకోవాలంటే జీవితచరిత్ర, పాత పేపర్లు, ఎన్నికల నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్, ఈ మూడూ దారులే. నేనైతే పాత పేపర్లతో మొదలుపెట్టమంటాను. హైదరాబాద్‌లో అందుకు అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి.

జీవితచరిత్ర తేదీల వరుసకు పనికొస్తుంది. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ అధిపతి రామ్‌నాథ్ గోయెంకా రాజ్యాంగ సభలో ఉన్నారు, 1938లో ఆంధ్రప్రభ పెట్టారు, 1971లో జనసంఘ్ తరఫున విదిశ నుంచి లోక్‌సభకు గెలిచారు. అంతవరకు సరే. వాటాలు ఎవరి చేతిలో ఉండేవో మాత్రం అందులో వెతికితే దొరకడం కష్టం.

దానికి ఆయన పత్రికే సాక్ష్యం. 2024లో కొత్త నిబంధనలు వచ్చేదాకా, 1956 నిబంధనల ప్రకారం ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ‘నాలుగో ఫారం’ అనే యాజమాన్య వివరాల ప్రకటన వేయాల్సి ఉండేది. చిన్న అక్షరాల పెట్టె. ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమాని, ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్లు, అందరి పేర్లూ చిరునామాలూ అందులో ఉంటాయి. పదేళ్ల పెట్టెలు వరుసగా పెట్టి చూడండి: కొడుకు ఎప్పుడు చేరాడో, మనిషి పేరు పోయి కంపెనీ పేరు ఎప్పుడొచ్చిందో తేలిపోతుంది. కంపెనీ పేరొక్కటే ఉంటే దాని వార్షిక రిటర్న్ (కంపెనీల రిజిస్ట్రార్‌కు ఏటా ఇచ్చే వివరాల పత్రం) తీయించాలి. వారపత్రికైతే మార్చి 1న వెతికి లేదనుకోవద్దు, ఆ నెల మొదటి సంచిక చూడాలి. బైండు పుస్తకంలో లోపలి అంచు కాలమ్ మడతలోకి పోతుంది, పేజీ పూర్తిగా విప్పి ఫోటో తీయండి.

ఎన్నికల వార్తలకు మాత్రం ఆ పత్రికను ఒంటరిగా నమ్మకూడదు. యజమాని సభ అంటే జనసంద్రమే రాస్తారు. అదే తేదీ పోటీ పత్రిక పక్కన పెట్టుకోవాల్సిందే.

అఫిడవిట్ గోయెంకా కాలానికి లేదు. ఇప్పటివాళ్లకు ఫారం 26 అనే అఫిడవిట్ ఉంది, అప్పులకూ కేసులకూ భార్య ఆస్తులకూ అదే మేలు. కానీ స్టాక్ ఎక్స్ఛేంజిలో లేని కంపెనీ వాటాల విలువ కంపెనీ ఖాతా పుస్తకాల లెక్క ప్రకారమే రాస్తారు, కాబట్టి పత్రిక అసలు విలువ ఆ అంకెలో ఉందనుకుంటే పొరపాటు.

ఆంధ్రపత్రిక పెట్టిన కాంగ్రెస్ నాయకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1938లోనే పోయారు. ఆయన విషయంలో నాలుగో ఫారమూ లేదు, అఫిడవిట్టూ లేదు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు రెండూ ఎదురెదురుగా పెట్టుకుని చదవడమే.