చెక్క బ్యాలెన్స్ బోర్డు: వ్యాయామ తరగతిలో దీని పనితనం

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం), మేధో వైకల్యం ఉన్న పిల్లల వ్యాయామ తరగతికి ఒక్క వస్తువే కొనాలంటే మా ఓటు చెక్క బ్యాలెన్స్ బోర్డుకే, అంటే ఎక్కి నిలబడితే ఊగే పలకకే. రెండు వైపులకే ఊగే రాకర్ రకం తీసుకోండి. అన్ని వైపులా ఒరిగే గుండ్రటి బోర్డు మొదట్లోనే ఇస్తే పిల్లలు బెదిరిపోయి మళ్లీ ఎక్కరు. అడుగున రబ్బరు పట్టీ లేని చవక రకం గచ్చు మీద జారిపోతుంది, దాని జోలికి పోవద్దు.

గోడ చేతికందేంత దూరంలో పలచటి మ్యాట్ వేసి బోర్డు పెట్టండి. చెప్పులు విప్పించండి. డప్పు మోగినంతసేపు ఊగాలి, ఆగగానే బిగుసుకుని నిలబడాలి. 30 సెకన్ల ఆట, 30 సెకన్ల విరామం, ఇలా 5 సార్లు. ఆత్మనిగ్రహానికి సాధన ఊగడంలో కాదు, ఆ ఆగడంలో ఉంది. అది కుదిరాక నియమం తిరగేయండి: డప్పు మోగితే ఆగాలి, డప్పు ఆగితే ఊగాలి. అలవాటైన కదలికను అణచుకోవాలి కాబట్టి పిల్లలు చెవి అప్పగించి వింటారు.

పని చెడేది ఎక్కువగా పెద్దవాళ్ల వల్లే. ‘‘జాగ్రత్త, నిటారుగా, కిందకి చూడకు’’ అని ఒకేసారి మూడు చెబితే ఒక్కటీ తలకెక్కదు. శబ్దానికి ఉలిక్కిపడే పిల్లలకు, వినికిడి లోపం ఉన్నవాళ్లకు డప్పు బదులు ఎర్ర, పచ్చ అట్టలు చూపండి. మూర్ఛ ఉన్న పిల్లలను డాక్టరు సరేనంటేనే, పక్కన మనిషి ఉంటేనే ఎక్కించాలి.