దావావోలో టినిక్లింగ్ సెట్ అద్దెకు తీసుకున్నాం: వెదుర్లు సూపర్, పాట మాత్రం వద్దు

ఫిలిప్పీన్స్‌లోని దావావోలో మా మెడికల్ కాలేజీ కల్చరల్ ప్రోగ్రాంకి ఈసారి మన తెలుగు బ్యాచ్ టినిక్లింగ్ వేసింది, అంటే ఇద్దరు పట్టుకుని కొట్టే వెదురు కర్రల మధ్య గెంతుతూ ఆడే ఇక్కడి జానపద నృత్యం. వెదుర్లు, డ్రెస్సులు, పాట మూడూ ఇక్కడే ఒక అద్దె షాపులో తీసుకున్నాం. జూనియర్లు అడుగుతున్నారని రాస్తున్నా.

షాపులో ప్లాస్టిక్ పైపులు కూడా చూపిస్తారు, తేలిగ్గా ఉంటాయి, కాలికి తగిలినా పెద్దగా నొప్పి ఉండదు అంటారు, కానీ దయచేసి వెదురే తీసుకోండి, ఎందుకంటే ఈ డాన్సుకి తాళం వేసేదే ఆ వెదురు, రెండు కర్రలు కొట్టుకున్నప్పుడు వచ్చే టక్ అనే చప్పుడు పైపుల్లో రాదు. మాకిచ్చినవి 9 అడుగులు ఉన్నాయి, కణుపులు నున్నగా చెక్కారు. ఆడేది ఒట్టి కాళ్లతో కదా, గరుకుగా ఉంటే చీలమండలు గీసుకుపోతాయి. కర్రల కింద పెట్టే చెక్క దిమ్మలు అడిగి మరీ తెచ్చుకోండి. మొదటిరోజు మేం అవి లేకుండా ప్రాక్టీస్ చేస్తే, కర్రలు పట్టినవాళ్ల వేళ్లు నేలకి తగిలి నలిగిపోయాయి, పాపం.

అమ్మాయిలకి బాలింతావాక్ అనే ఇక్కడి సంప్రదాయ డ్రెస్సు ఇచ్చారు, సీతాకోకచిలుక రెక్కల్లా నిలబడే చేతులుంటాయి. అనాస ఆకుల నారతో నేసే అసలు పీన్యా బట్ట చాలా ఖరీదు, ఇది ఆర్గంజా లాంటిది, అయినా స్టేజీ మీద చాలా అందంగా ఉంది. అబ్బాయిలకి బారోంగ్ అనే ఇక్కడి సంప్రదాయ చొక్కా, ఎర్ర ప్యాంటు. ప్యాంటు ఒక కాలు పైకి మడవాలి. బారోంగ్ భుజాల దగ్గర బిగుతు, వేసుకుని చూసి తెచ్చుకోండి.

పాట దగ్గరే ఏడుపొచ్చింది. టినిక్లింగ్ మూడు దెబ్బల లెక్క: ఒకటికి కర్రలు కలుస్తాయి, రెండు, మూడుకి విడిపోయి దిమ్మల మీద పడతాయి. మేం అలాగే నేర్చుకున్నాం. షాపువాళ్ల ఫైల్ ప్రోగ్రాంకి రెండు రోజుల ముందు వచ్చింది, చూస్తే నాలుగు దెబ్బలది! ఒకటే టెన్షన్, ఎవరి కాలు ఎక్కడ పడుతుందో తెలీదు. చివరికి ఇక్కడి క్లాస్‌మేట్ ఒకమ్మాయి రొందాల్యా రికార్డింగ్ ఇచ్చింది, అంటే బందురియా, గిటార్ లాంటి తీగ వాద్యాల బృందం వాయించినది. అందులో చివరికొచ్చేసరికి వేగం పెరుగుతూ పోతుంది, అదే కావాలి. లెయ్తె దీవి వరిపొలాల్లో రైతులు పెట్టిన వెదురు ఉచ్చుల్ని తప్పించుకునే టిక్లింగ్ పిట్ట నడకే ఈ డాన్సు అంటారు, వేగం పెరగకపోతే ఆ పిట్ట ఎక్కడ కనిపిస్తుంది?

డిపాజిట్ అదే రోజు తిరిగిచ్చారు. వచ్చే ఏడాది కూడా వెదుర్లు, డ్రెస్సులు అక్కడే తీసుకుంటాం, పాట డబ్బులు మాత్రం బిల్లులో వేయొద్దని ముందే చెబుతా.