పూసల దండ, గవ్వలు, కిరాణా చీటీ: మూడేళ్లు వాడాక నా మాట

మా పెద్దది ఒకటో క్లాసులో ఉన్నప్పుడు మొదలుపెట్టాం, ఇప్పుడు నాలుగు చదువుతోంది, చిన్నోడు రెండు. ఈ మూడేళ్లలో పిల్లలకు ఇంట్లో లెక్కలూ చదవడం రాయడం నేర్పాలని కొన్నవీ, ప్రింట్ తీయించినవీ, చేత్తో చేసినవీ అన్నీ కలిపితే అలమారాలో ఒక అర నిండిపోయింది. అందులో ఇప్పటికీ రోజూ చేతికొచ్చేవి మూడో నాలుగో. మిగతావాటికి పెట్టిన డబ్బుల సంగతి వస్తే మా ఆయన ముందు నోరెత్తలేను. మాది హనుమకొండ, పిల్లలిద్దరూ ఇంగ్లీష్ మీడియం, ఇంట్లో మా అత్తమ్మ ఉంటుంది, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే నాకు దొరికేది వంట చేస్తూ చేస్తూ ఒక ఇరవై నిమిషాలు, అంతే. పక్కన కూర్చుని గంటసేపు చేయించాల్సిన పద్ధతి ఎంత గొప్పదైనా మా ఇంట్లో నడవదు.

ముందు దండగైనవి. 1,400 పెట్టి వర్క్‌షీట్ల కట్ట ఒకటి కొన్నాను, రంగులు రంగులుగా, మంచి మందం కాగితం. పాప మొదటి వారం ఉత్సాహంగా చేసింది, రెండో వారానికి తేలిందేంటంటే బడిలో చేసేది కూడా అదే పని, ఇంటికొచ్చి మళ్ళీ అదే. ఇక ఫోన్‌లో ఒక లెక్కల యాప్, సరైన జవాబుకు నక్షత్రాలిచ్చేది. నెల తర్వాత వెనక నిలబడి చూస్తే చిన్నోడు లెక్క చూడట్లేదు, నాలుగు జవాబులూ వరసగా నొక్కుతున్నాడు, ఏదో ఒకటి పచ్చగా మారుతుంది కదా! నక్షత్రాలు మాత్రం 300 దాటాయి. ఆ రోజే తీసేశాను. యాప్‌లన్నీ చెడ్డవని కాదు, పక్కన ఎవరూ లేకుండా ఇచ్చేస్తే అంతే అని నా అనుభవం.

ఇప్పుడు పూసల దండ. వంద పూసలు, పది ఎర్రవి, పది తెల్లవి, మళ్ళీ పది ఎర్రవి, అలా. బయట గణితమాల అని అమ్ముతారు, మేం మాత్రం పూసలు విడిగా కొని గట్టి దారానికి గుచ్చుకున్నాం, 80 రూపాయల్లో అయిపోయింది. కిచెన్ గుమ్మానికి రెండు మేకులు కొట్టి కట్టాను. నేను ఉల్లిగడ్డ కోస్తూ "ముప్పై ఏడు దగ్గర క్లిప్పు పెట్టు" అంటే పాప బట్టల క్లిప్పు తీసుకుని వెళ్తుంది. మొదట్లో ప్రతిసారీ ఒకటి నుంచీ లెక్కపెట్టేది, నాకు ప్రాణం విసిగిపోయేది, అయినా ఏమీ అనలేదు. ఆరేడు వారాల తర్వాత ఒకరోజు చేత్తో పది, ఇరవై, ముప్పై అని రంగులు దాటుకుంటూ పోయి ఏడు పూసలు లెక్కపెట్టింది. నేను చెప్పింది కాదు అది. ఆ తర్వాత "నలభైలోంచి ఆరు వెనక్కి రా", "తొంభై నుంచి వందకి ఎంత దూరం" లాంటివి సులువైపోయాయి.

ఇక్కడో సంగతి. ఇంగ్లీష్‌లో థర్టీన్‌కీ థర్టీకీ పాప ఎప్పుడూ తికమక పడేది, వింటే ఒకేలా ఉంటాయి. తెలుగులో పదమూడు, ముప్పై, ఎక్కడా పోలిక లేదు. అలాగే ఇరవై దాటాక తెలుగు అంకెలు చెప్పినట్టు వింటాయి: ఇరవై ఒకటి, ఇరవై రెండు, తొంభై తొమ్మిది వరకూ అదే బాట. కష్టమంతా పదకొండు నుంచి పంతొమ్మిది దాకానే. అందుకని దండ దగ్గర తెలుగులోనే చెప్పించాం, క్లిప్పు పెట్టాక ఇంగ్లీష్ పేరు. ఇంగ్లీష్ మీడియం కదా తెలుగులో ఎందుకు అని మా ఆడపడుచు అడిగింది. లెక్క అర్థమవ్వాలి కదా ముందు, పేరుదేముంది.

రెండో క్లాసులో అసలు టెన్షన్ మొదలైంది, 52 లోంచి 27 తీసేయాలి. పాప జవాబు 35. ఎన్నిసార్లు చేయించినా 35. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసేది, పైదో కిందిదో ఆమెకు పట్టింపు లేదు. బడిలో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలి అని చెప్పారట. ఇంటికొచ్చి నన్ను "మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తారు?" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. చివరికి మా అత్తమ్మ పోపుల డబ్బాలోంచి డబ్బులు తీసింది: ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు. "నాకు ఇరవై ఏడు ఇయ్యి బిడ్డా" అంది. పాప రెండు నోట్లు ఇచ్చింది, తర్వాత బిళ్ళలు చూసుకుంది, రెండే ఉన్నాయి. "నాయనమ్మా, చిల్లర లేదు." "అయితే చిల్లర తెచ్చుకో." నా దగ్గరికొచ్చి ఒక పది నోటు ఇచ్చి పది రూపాయి బిళ్ళలు పట్టుకెళ్ళింది, పన్నెండులోంచి ఏడు ఇచ్చింది. మిగిలింది లెక్కపెట్టి రెండు నోట్లు, ఐదు బిళ్ళలు అంది. అంతే. అప్పు అనే మాట మా ఇంట్లో పోయింది, చిల్లర మార్చడం వచ్చింది. కూడికలో కూడా అంతే, పది బిళ్ళలు పోగైతే నోటు చేసుకోవాలి. మూడేళ్లలో నేను చూసినవాటిలో దీనంత పని చేసింది ఇంకోటి లేదు. ఖర్చు సున్నా, పైగా నోట్లు తిరిగి పోపుల డబ్బాలోకే. ఒకటే జాగ్రత్త, చిన్నోడి వయసులో బిళ్ళలు నోట్లో పెట్టుకుంటారు.

ఆటల విషయానికొస్తే గవ్వలు. అష్టాచెమ్మా మాకు వానాకాలం ఆదివారాల్లో మొదలైంది, సుద్దతో ఐదు గళ్ళు అడ్డం, ఐదు నిలువు, నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు; అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది; ఈ రెండూ పడితే మళ్ళీ వెయ్యొచ్చు. చూడ్డానికి ఉత్త లెక్కపెట్టుకోవడమే, కానీ రెండు నెలలయ్యేసరికి పాప "నాకు మూడు పడితే వాడి కాయ చంపుతా, రెండు పడితే ఇంట్లో కూర్చుంటా" అని ముందే చూసుకోవడం మొదలుపెట్టింది. చింతగింజలతో ఓనగుంటలు ఇంకా మంచిది, ఒక్కోవైపు ఏడు గుంటలు, అన్నింట్లో సమానంగా గింజలు వెయ్యాలి, భాగాహారం అనే మాట వినకముందే చిన్నోడికి పంచడం వచ్చేసింది. మరి లోపాలు? ఒకటి, గొడవ. చిన్నోడు ఓడిపోతే గవ్వలు విసిరేస్తాడు, సోఫా కింద నుంచి ఇప్పటికి ఎన్నిసార్లు తీశానో. రెండు, పెద్దవాళ్ళు ఒకరు కూర్చోకపోతే ఆట ఐదు నిమిషాల్లో కొట్లాట అవుతుంది. మా ఇంట్లో అత్తమ్మ ఉంది కాబట్టి నడుస్తోంది.

ఎక్కాల గురించి ఎక్కువ చెప్పను. రెండు రెళ్ళు నాలుగు అని దీపం పెట్టే వేళకి రాగం తీసి చదివించడం నాకు మొదట నచ్చలేదు, ఇప్పుడు నచ్చుతోంది, పది వరకు వస్తే చాలు.

ఇక చదవడం, రాయడం. కిరాణా చీటీ పాప చేత రాయించడం అనుకోకుండా మొదలైంది, నా చేతికి పిండి అంటుకుని ఉంటే రాయమన్నాను. కందిపప్పు బదులు "కదిపపు" అని రాసింది, సున్నా లేదు, ఒత్తు లేదు. నేను దిద్దలేదు. దుకాణాయన చీటీ పట్టుకుని పైకి గట్టిగా "కదిపపు ఒక కిలో" అని చదివి, ఇదేం పప్పు బిడ్డా మా దగ్గర లేదే అన్నాడు. పాప మొహం ఎర్రబడింది, కానీ ఆ తర్వాత చీటీ రాసేటప్పుడు ప్రతి మాటా పైకి పలికి చూసుకుంటోంది. చక్కెర, ఎల్లిగడ్డ, మిర్యాలు, గోధుమపిండి, మన కిరాణా సామాన్లలో ఉన్నన్ని ఒత్తులు ఏ కాపీ పుస్తకంలో ఉన్నాయి చెప్పండి. పక్కనే పావుకిలో, అరకిలో రాయాలి కాబట్టి పావు, అర, ముప్పావు కూడా అక్కడే వచ్చేశాయి. (సోల, తవ్వ కూడా నేర్పుతానని అత్తమ్మ పట్టుబట్టింది, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, బడిలో ఎవరూ అడగరు గానీ రెట్టింపు అంటే ఏంటో దాంతోనే తెలిసింది.)

చిన్నోడికి అక్షరాల దగ్గరే ఇబ్బంది, మకీ యకీ తేడా తెలిసేది కాదు, ప, ష, వ కూడా అంతే. రెండూ పక్కపక్కన పెట్టి ఇదిగో తేడా చూడు అంటే ఇంకా కలిపేశాడు. ఒక వారమంతా మ ఒక్కటే, పళ్ళెంలో బియ్యం పోసి వేలితో, బస్సు బోర్డుల మీద, ప్యాకెట్ల మీద వెతికించాం. అది కుదిరాకే య. అలా చేస్తే నిలిచింది.

కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ వాడాం, 2015 నుంచి ఉంది, ఉచితం, తెలుగులో బోలెడన్ని, కష్టాన్ని బట్టి నాలుగు స్థాయిలు. ప్రింట్ తీయించి కుట్టి ఇచ్చాను, ఫోన్‌లో అయితే కథ సగంలో ఉండగానే ఇంకోదానికి పోతారు. మొదటి స్థాయి పుస్తకాలు పేజీకి ఒకటి రెండు వాక్యాలే, అన్నం తినేలోపు అయిపోతుంది. అదే దాని బలం.

ఒక్క విషయంలో నేను ఊరికే కంగారుపడ్డాను. చిన్న క్లాసుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా రావాలని కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అనే కార్యక్రమం లక్ష్యాల్లో రెండో క్లాసు పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో క్లాసుకి కనీసం 60 చదవాలని ఉంది. ఫోన్‌లో టైమర్ పెట్టి చదివిస్తే పాప రెండో క్లాసు చివర్లో తెలుగు 38 మాటలు చదివింది, ఇంగ్లీష్ కథ మాత్రం 50 దాటింది. వారం రోజులు నాకు నిద్రలేదు. తర్వాత అర్థమైంది, "చెప్పకుండా వెళ్ళిపోయిందట" అంటే మనకి రెండే మాటలు, అదే ఇంగ్లీష్‌లో ఐదారు. ఒకే గడియారంతో రెండింటినీ కొలవడం ఎలా? టైమర్ మానేసి, చదివాక "ఏమైంది కథలో?" అని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు అసలు లోపం బయటపడింది, అక్షరం వస్తే తెలుగు గడగడా చదివేయొచ్చు, అర్థం కాకపోయినా. గడగడా చదివిన పేజీలో సగం ఆమెకు తెలియదు. దాని మీద ఇంకా పని చేస్తున్నాం.

ఇప్పటికీ కుదరనివి కొన్ని ఉన్నాయి. గడియారం చూడటం, పావు తక్కువ ఎనిమిది దగ్గర ఇద్దరూ తడబడతారు. ఇంగ్లీష్ స్పెల్లింగ్‌కి మా దగ్గర ఏ మందూ లేదు.

మొన్న దండ తెగింది, పూసలు ఇల్లంతా. చిన్నోడు తనే గుచ్చుతానన్నాడు, ఒకచోట పదికి బదులు పదకొండు ఎర్రవి పెట్టాడు. సంచిలో ఎప్పుడో మిగిలిన పూస ఒకటి కలిసిపోయినట్టుంది. చూశాను గానీ చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం నేను పప్పు తిరగమోత పెడుతుంటే గుమ్మం దగ్గర్నుంచి అరిచాడు, "అమ్మా, వంద తర్వాత ఇంకోటి ఉంది!"