నంద్యాలలో పడమటి ఇంటికి నాపరాయి ఎలివేషన్: ఒక ఎండాకాలం గడిచాక

మాది పడమర ముఖం ఇల్లు. మధ్యాహ్నం రెండు దాటితే ముందుగది పెనంలా కాలేది, రాత్రి ఎనిమిదికి కూడా లోపలి గోడ మీద చెయ్యి పెడితే వేడి తగిలేది. పైన ఇంకో అంతస్తు వేస్తూ ముందువైపు కూడా మార్పిద్దామని ఒక ఆర్కిటెక్టుకు పని అప్పగించాం (పేరు రాయను, కారణం కింద ఉంది).

అంతకుముందు ఒకాయన ఇచ్చిన త్రీడీ బొమ్మలో అంతా అద్దమూ ఏసీపీ (అల్యూమినియం పూత ప్యానెల్) షీటూ. ఈవిడ దాన్ని పక్కన పెట్టించి మమ్మల్ని బేతంచెర్ల తీసుకెళ్లారు. క్వారీలో నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది కదా, గోడ కూడా అలాగే రావాలన్నారు: సన్నటి పట్టీలు, ఒకటి విడిచి ఒకటి రెండంగుళాలు బయటికి. ఎండ నెత్తిన ఉన్నంతసేపూ పై పట్టీ నీడ కింది పట్టీ మీద పడుతుంది. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర కుప్పపోసిన ముక్కలే చాలావరకు సరిపోయాయి, కోత కూలి మాత్రం వాచిపోయింది.

అసలు పనంతా రాయి వెనకే ఉంది. గోడకీ రాయికీ మధ్య సందు వదిలి స్టీలు క్లాంపులతో నిలబెట్టారు. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటే కింది నుంచి వేరే గాలి వస్తుంది, రాయి వేడి గోడకు అంటదు. మేస్త్రీ "మాలు కూరకపోతే రాయి నిలవదు సార్" అని రెండు రోజులు అలిగాడు. నేను లేనప్పుడు ఒక మూల కూరేశాడు కూడా. ఇప్పటికీ సాయంత్రం ఆ మూల ఒక్కటే కాలుతుంటుంది, నమ్మని చుట్టాలకు అదే చూపిస్తున్నా.

పడమటి ఎండ సాయంత్రం ఏటవాలుగా కొడుతుంది కాబట్టి సన్‌షేడ్‌తో పెద్దగా లాభం లేదు. అందుకే కిటికీల ముందు అడుగున్నర దూరంలో మట్టి జాలీ, అంటే చిల్లుల గోడ, కట్టారు. హైదరాబాద్‌లో 2004లో మొదలైన సీఐఐ (పరిశ్రమల సంఘం) గ్రీన్ బిజినెస్ సెంటర్‌లోనూ జాలీ గోడలున్నాయి. ఎండను అద్దానికి బయటే ఆపాలి, లోపల కర్టెన్ వేసేసరికి వేడి గదిలోకి వచ్చేసినట్టే. మొన్న మేలో ఏసీ రాత్రి భోజనాలయ్యాకే వేశాం.

ఇక తిట్లు. జాలీ వెనక వల పెట్టమంటే అందం పోతుందన్నారు. రెండు నెలలకే పావురాల గూళ్లు, రెట్టలు, ఆ వాసన. ఫోన్ చేస్తే ఎత్తలేదు, చివరికి వల నేనే కొట్టించుకున్నాను. దుమ్ముకు చీపురు పట్టదు, పైపుతో కడగాల్సిందే. ముసురు రోజుల్లో పగలే లైటు వేయాలి.

మొత్తానికి ఐదుకు నాలుగు మార్కులు. మీరు కట్టించుకుంటే జాలీకి ఒక పక్క మనిషి దూరేంత తలుపు ముందే అడిగి పెట్టించుకోండి.