ఎడారిలో సెలయేర్లు: కష్టంలో ఉన్నవాళ్ల పుస్తకం

నేను చూసిన క్రైస్తవ ఇళ్లలో బైబిలు, కీర్తనల పుస్తకం తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే. జపానులో మిషనరీగా పనిచేసిన లెట్టీ కౌమన్, భర్త చార్లెస్ మంచాన పడ్డ ఏళ్లలో తమను నిలబెట్టిన మాటలు పోగేసి 1925లో ఇంగ్లిష్‌లో అచ్చు వేయించారు. అంతకు ముందు ఏడాదే ఆయన పోయారు. ఆ సంగతి తెలిశాక ఇందులో ఇంత బాధ ఎందుకుందో అర్థమవుతుంది.

రోజుకో వచనం, దాని కింద చిన్న ధ్యానం. ఇంగ్లండ్ బోధకుడు స్పర్జన్ మాటలుంటాయి, చూపు పోయిన స్కాట్లాండ్ బోధకుడు జార్జ్ మాథెసన్ మాటలుంటాయి. మోకాలి ఆపరేషన్ తర్వాత మా అత్తయ్యకు రాత్రిళ్లు నేనే చదివి వినిపించేదాన్ని. ఐదు నిమిషాల పని. నమ్మితే నొప్పి పోతుందని ఎక్కడా మభ్యపెట్టదు, నాకు నచ్చింది అదే. అత్తయ్య “ఇంకో పేజీ చదవమ్మా” అంటే, రేపటిది రేపే అనేదాన్ని.

అయితే వరసగా చదివితే మాత్రం మనసు బరువెక్కుతుంది. శ్రమ, ఓర్పు, ఎదురుచూపు, ఇవే తిరిగి తిరిగి వస్తాయి. దీన్ని పెళ్లి కానుకగా ఇచ్చేవాళ్లున్నారు. నేనైతే ఇవ్వను!

నేను కొన్న ప్రతికి కుట్టు లేదు, జిగురు బైండింగే. మార్చి పేజీలు అప్పుడే ఊడొచ్చాయి. అక్షరాలూ సన్నం. పెద్దవాళ్ల కోసమైతే షాపులోనే పేజీ తెరిచి చూసుకుని కొనండి.