తూలినా తాళం తప్పని ట్రంపెట్: కిడ్ కోవాలా మొదటి ఆల్బమ్

మణికట్టులో నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కే జబ్బుని కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. కెనడాలోని మాంట్రియల్‌కి చెందిన డీజే కిడ్ కోవాలా (అసలు పేరు ఎరిక్ సాన్) తన తొలి ఆల్బమ్‌కి ఆ పేరే పెట్టుకున్నాడు. 2000లో నింజా ట్యూన్ అనే లండన్ కంపెనీ దీన్ని విడుదల చేసింది. దీనికోసం కొత్తగా పాడినవాళ్లు లేరు, వాయించినవాళ్లు లేరు. ఉన్నవల్లా పాత వైనిల్ రికార్డులు (ముల్లు పెట్టి వినే గ్రామఫోన్ పళ్లేలు), వాటిని తిప్పే చేతులు.

రికార్డుల ముక్కలతో ఆల్బమ్ చేయడం అప్పటికి కొత్తేమీ కాదు. 1996లో అమెరికా సంగీతకారుడు డీజే షాడో తొలి ఆల్బమ్ అలా తయారైందే. కానీ అతను ముక్కల్ని సాంప్లర్ అనే, శబ్దాల్ని దాచుకుని మళ్లీ వినిపించే మెషీన్‌లో ఎక్కించి పేర్చాడు. కోవాలా రికార్డు మీద చెయ్యేసి వాయిస్తాడు. తిరుగుతున్న రికార్డుని వేలితో కాస్త ఆపితే స్వరం కిందికి జారుతుంది, ముందుకు తోస్తే పైకి లేస్తుంది. ఒక చేత్తో ఆ పని చేస్తూనే, రెండో చేత్తో మిక్సర్ (శబ్దాల్ని కలిపే పరికరం) మీద అటూ ఇటూ జరిగే క్రాస్‌ఫేడర్ అనే మీటని జరిపి అక్కర్లేని శబ్దాన్ని కత్తిరించాలి.

అదెలా ఉంటుందో తెలియాలంటే ముందు 'డ్రంక్ ట్రంపెట్' వినండి. కింద బేస్, డ్రమ్స్ తాపీగా నడుస్తుంటాయి. పైన ట్రంపెట్ ఫుల్లుగా తాగి మాట్లాడుతుంటుంది. ఒకచోట సాగదీస్తుంది, పక్క స్వరం అందుకోబోయి జారిపోతుంది, అంతలోనే దబాయిస్తూ పైకెక్కుతుంది. ఆ సోలోని అలా ఊదిన మనిషి ఎక్కడా లేడు. రికార్డులో ఉన్న ఊపిరిని తీసుకుని ఇతని చెయ్యి దాన్ని పాటగా మలిచింది. చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నానేమో, నాకిది అచ్చం గమకంలా వినిపించింది. తీగ మీద వేలు జార్చి చేసే పనినే ఇతను రికార్డు పట్టుకుని చేస్తున్నాడు. వయొలిన్‌లో కనీసం స్వరం ఏ చోట ఉందో వేలికి తెలుస్తుంది. ఇక్కడ అలాంటి గుర్తేమీ లేదు, చేతి వేగం కాస్త అటూ ఇటూ అయితే అపశ్రుతే. తాగుబోతు పాట కదా, అపశ్రుతి పలికినా చెల్లిపోతుంది అనుకుంటారేమో. చెల్లదు. తూలే చోట కూడా తాళం తప్పడు కాబట్టే మనకి నవ్వొస్తుంది.

నేనిది పెట్టుకుని వింటుంటే మా అమ్మ వంటింట్లోంచి "ముల్లు ఇరుక్కున్నట్టుంది, తీసి పెట్టరా" అని కేకేసింది. సీడీకి ముల్లేమిటమ్మా అంటే వినదే! 'లైక్ ఇర్రెగ్యులర్ చికెన్స్' ట్రాక్‌లో కోళ్ల అరుపులు మొదలయ్యాక మాత్రం గరిటె పట్టుకుని వచ్చి నిలబడి విన్నది.

అన్నీ ఇంత బాగున్నాయని చెప్పను. బార్‌లో ఒకడు అమ్మాయిల్ని మాటల్లో పెట్టడానికి పడే పాట్లని, పాత రికార్డుల్లోని మాటలు అతికించి 'బార్‌హాపర్' పేరుతో రెండు ట్రాకులు చేశాడు. అతుకు పని అద్భుతం, కానీ జోకు ఒకసారికే. ఆ ఇంగ్లీషు యాస, అమెరికా పాత రేడియో ధోరణి అలవాటు లేనివాళ్లకి ఆ ఒక్కసారి కూడా కష్టమే. మొత్తం ఆల్బమ్ ముప్పావు గంట కూడా ఉండదు. అందులోనూ కొన్ని ట్రాకులు ఊపందుకునేలోపే అయిపోతాయి. ఫోన్ స్పీకర్లో వింటే గరగర తప్ప ఏమీ అర్థం కాదు, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

సీడీతో పాటు కోవాలా స్వయంగా బొమ్మలు గీసిన చిన్న కామిక్ పుస్తకం కూడా వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు అది లోపల ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. నాకు ఆన్‌లైన్‌లో అమ్మినాయన సీడీ ఒక్కటే పంపాడు. పుస్తకమేదండీ అని మెసేజ్ పెడితే ఇప్పటికీ ఉలుకూ పలుకూ లేదు.