కాంకూన్ నుంచి మాయన్ గుళ్ళు + బీచ్: ఒక్కరోజు బస్ టూర్‌కి నా రివ్యూ (అమ్మానాన్నల్ని తీసకపొయ్యేవాళ్ళు చదవండి)

అమెరికాలో పిల్లలుండే మన నెల్లూరు, ఒంగోలు వాళ్ళు నయాగరా, గ్రాండ్ కాన్యన్ అయిపోయినాక ఈమధ్య మెక్సికో వైపు పడతా ఉండారు కదా, మేం కూడా డిసెంబర్ సెలవల్లో పిలకాయలు, మా అత్తమ్మతో సహా కాంకూన్ పొయ్యొచ్చాం. పొద్దున పాతకాలంలో అక్కడ రాజ్యాలేలిన మాయన్ల గుళ్ళు, సాయంత్రం సముద్రం, అదీ ప్లాను. ప్లేసులకి ఐదుకి ఐదు ఇస్తా, మేం ఎక్కిన టూర్ బస్సుకి మాత్రం రెండే, అదీ డ్రైవర్ మంచోడు కాబట్టి.

హోటల్ లాబీలో టేబుల్ వేసుకోని కూర్చోనుంటారు ఏజెంట్లు, వాళ్ళ దగ్గర కొన్న ప్యాకేజీ ఇది. చిచెన్ ఇట్సా (పిరమిడ్ ఉండే మాయన్ల పాత ఊరు), ఒక సెనోటేలో (సున్నపురాయి కూలి ఏర్పడిన నీళ్ళ గుంట) ఈత, బఫే భోజనం, వయ్యదోలిద్ ఊర్లో ఒక రౌండు, అన్నీ ఒక్కరోజులోనే. వినేదానికి బో బాగుంటది. కానీ కాంకూన్ నుంచి చిచెన్ ఇట్సాకి దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు, అంటే నెల్లూర్లో బయల్దేరి చెన్నై దాటి పోయినట్టు, ఆ దూరానికి ముందు ఈ బస్సు హోటల్ హోటల్ దగ్గరా ఆగి జనాన్ని ఎక్కించుకోని, దారిలో ఒక పెద్ద షాపులో దించి వెండి గొలుసులు, నల్లరాతి బొమ్మలు చూడండి చూడండి అని ముప్పావుగంట తినేసి, మమ్మల్ని గేటు దగ్గర దించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది, లైను చూస్తే బ్రహ్మోత్సవాల క్యూ.

అసలు కోపం యాడొచ్చిందంటే, ఆ గేటు పొద్దున 8కే తెరుస్తారు. ఇంకో సంగతి, కాంకూన్ ఉండేది కింతానా రో రాష్ట్రం, చిచెన్ ఇట్సా ఉండేది యుకటాన్ రాష్ట్రం, అక్కడ టైమ్ ఒక గంట వెనక. అంటే పొద్దున్నే సొంత కారులో బయల్దేరితే ఒక గంట ఊరికే కలిసొస్తది. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతది అనుకోండి, అప్పుడు పోతే ఎవురికి కావాల. బస్సోడు మాత్రం కలిసొచ్చిన గంటని కూడా తీసకపోయి షాపులో పోశాడు.

టికెట్ కూడా ఒకటి కాదు, రాష్ట్రానికి ఒకటి, కేంద్రానికి ఒకటి, రెండూ వేరువేరుగా కట్టాల. ఏజెంట్ "అన్నీ ఇంక్లూడెడ్" అంటే ఈ రెండూ ఉండాయా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. మాకు గేటు దగ్గర మళ్ళీ డబ్బులు అడిగారు.

ఇక లోపల సంగతి. కుకుల్కాన్ పిరమిడ్ పైనుండే గుడితో కలిపి 30 మీటర్ల ఎత్తు, నాలుగు వైపులా మెట్లు, వైపుకి 91, మొత్తం 364, పైన అరుగుతో 365, సంవత్సరానికి ఎన్ని రోజులో అన్ని. ఎక్కనీరు, చాలా ఏళ్ళ నుంచి ఆపేశారు, కాబట్టి మోకాళ్ళ నొప్పులోళ్ళు దిగులు పడబళ్ళేదు, అందరూ కిందే. మెట్లకి ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే ఎకో మామూలుగా రాదు, పిట్ట అరిచినట్టు సన్నంగా జారతా వస్తది, వాళ్ళు పవిత్రంగా చూసుకున్న కెత్సాల్ పిట్ట కూత అదే అంటారు. అందరూ ఒక్కో చప్పట కొడతా ఉంటే మా అత్తమ్మ ఏకంగా భజన తాళం అందుకునింది, పిరమిడ్ కూడా విడవకుండా తిరిగి వేసింది, చుట్టూ ఉండే తెల్లోళ్ళు ఫోన్లు తీశారు. ఆ ఒక్కదానికే టికెట్ డబ్బులు వచ్చేసినాయి.

మాయన్లు బంతాట ఆడిన బాల్ కోర్టు 168 మీటర్ల పొడుగు, గోడ మీద ఎత్తులో రాతి రింగులు, పెద్దోడు దాని కిందనుంచి కదల్లేదు. కానీ మా గైడ్ మమ్మల్ని పవిత్ర సెనోటేకి తీసకపోలేదు, టైమ్ లేదన్నాడు. పిరమిడ్ దగ్గర్నుంచి ఒక పది నిమిషాల నడక కూడా లేదు దానికి! అది చూడకపోతే ఆ ఊరు అక్కడెందుకు కట్టారో అర్థం కాదు. ఆ నేలంతా సున్నపురాయి, పడిన వాన పడినట్టే లోపలికి ఇంకిపోతది, పైన మనకి పెన్నా ఉన్నట్టు ఏరు ఒక్కటి లేదు, రాయి కూలి నీళ్ళు బయటపడిన ఈ గుంటలే వాళ్ళకి దిక్కు. చిచెన్ ఇట్సా అనే పేరు కూడా ఆ నీళ్ళ బావి మీదే వచ్చింది. ఆ పవిత్ర గుంటలో వానదేవుడు చాక్‌కి బంగారం, పచ్చరాళ్ళు, మనుషుల్ని కూడా వేశారు, తర్వాతి కాలంలో తవ్వితే అన్నీ బయటపడినాయి. నేనూ పెద్దోడూ గైడ్ అరుస్తా ఉన్నా పరిగెత్తి చూసొచ్చాం.

ఈత కొట్టే సెనోటే వేరు, అది బాగుంది. ముందు షవర్ కింద నిలబడాల, ఒంటికి సన్‌స్క్రీన్ ఉండకూడదు, ఆ నీళ్ళు భూమి కింద చానా సెనోటేలకి కలిసి ఉంటాయి కాబట్టి కరెక్టే. లైఫ్ జాకెట్ ఇస్తారు, ఈత రానోళ్ళు కూడా దిగొచ్చు, నీళ్ళు మాత్రం చల్లగా ఉంటాయి.

బఫే గురించి ఎక్కువ చెప్పను. శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోండి, చూసేదానికి ఉత్త బీన్స్ ముద్దే గానీ చానా చోట్ల దాంట్లో పంది కొవ్వు వేస్తారు, "మాంతేకా ఉందా" అని అడగండి. హబనేరో మిరపకాయ చట్నీ గిన్నె చిన్నదే కదా అని మా బావమరిది మిరపకాయల ఊరోడి ధీమాతో స్పూన్ నిండా వేసుకున్నాడు, తర్వాత గంటసేపు మాట్లాడలేదు. చేపలు తినేవాళ్ళకి అరిటాకులో కాల్చే తికిన్‌షిక్ దొరికితే వదలొద్దు, పులుపు సరిపోయింది, మన పులుసు ముందర నిలబడదు గానీ బాగుంటది.

సముద్రం ఒడ్డునుండే ఇంకో మాయన్ ఊరు తులూమ్‌కి మాత్రం కారు తీసుకోని పోయాం, కాంకూన్ నుంచి 130 కిలోమీటర్లు, గుడులూ సముద్రం ఒకేచోట కావాలంటే ఇదే. మూడు వైపుల రాతి గోడ, నాలుగో వైపు 12 మీటర్ల గట్టు, గట్టు కింద నీలం నీళ్ళు. కట్టడాలు చిన్నవి, చిచెన్ ఇట్సా చూసి వస్తే చప్పగా అనిపించొచ్చు, కానీ ఇది ఓడరేవు ఊరు, పడవల్లో సరుకు వచ్చి పొయ్యేది. మన పాత ప్రకాశం జిల్లా మోటుపల్లిలో కాకతీయ రాజు గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకి అభయ శాసనం వేయించింది 1244లో, ఈ తులూమ్ వెలిగింది కూడా 13 నుంచి 15వ శతాబ్దం దాకా. ఆ గట్టు మీద నిలబడి అది తల్చుకుంటే నాకు బో సంతోషమయింది, మా ఇంట్లోవాళ్ళకి మాత్రం ఉడుముల్లాంటి ఇగ్వానాల మీదే ధ్యాస, అవి రాళ్ళ మీద ఎండకి పడుకోని మనుషుల్ని లెక్కచెయ్యవు. నీడ తక్కువ, గొడుగు పెట్టుకోండి.

పెద్దోళ్ళని మనం ఎక్కువగా మన ఊరి ఎండలు తప్పిస్తామని ఏప్రిల్, మేలో పిలిపిస్తాం కదా, కాంకూన్లో కూడా అప్పుడు రోహిణి కార్తె ఎండే, పైగా ఆ నెలల్లో సార్గాసమ్ అని గోధుమరంగు నాచు కుప్పలు కుప్పలుగా ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తది, జూన్ నుంచి నవంబర్ తుఫాన్ల కాలం. డిసెంబర్ నుంచి మార్చి దాకా చూసుకోండి. వీసా విషయం, పాస్‌పోర్టులో అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు, గ్రీన్ కార్డున్నా చాలు. కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి ఐ-797 కాగితం (అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు ఇచ్చే ఆమోద పత్రం) మాత్రమే ఉండే అబ్బాయిలు దాన్ని నమ్ముకోని ఎయిర్‌పోర్టుకి పోవద్దు.

మళ్ళీ పోతే మేం చేసేది, ముందు రాత్రి వయ్యదోలిద్‌లో పడుకుంటాం, అక్కడికి చిచెన్ ఇట్సా ముప్పావుగంట, 8కి గేటు దగ్గర ఉండి బస్సులు దిగేలోపల బయటపడి, మధ్యాహ్నానికి తులూమ్ బీచ్. కారు బుక్ చేసేటప్పుడు ఆన్‌లైన్ రేటు చూసి మురిసిపోవద్దు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అక్కడ తప్పనిసరి, కౌంటర్లో దాన్ని కలిపితే బిల్లు రెట్టింపయినోళ్ళు ఉండారు. ఊర్లలో స్పీడ్ బ్రేకర్లు మనవాటికంటే ఎత్తు, బోర్డు కూడా ఉండదు కొన్నిచోట్ల, చీకటి పడకముందే ఊరు చేరండి.